గుగ్గిళ్ళ డబ్బాలో రొయ్యపొట్టు

గుప్పెడు రొయ్యపొట్టు. ముప్పై రెండేళ్ళుగా నేను మోస్తున్న బరువు అదే. నవ్వుతున్నారా? నవ్వండి. లత అనే పేటలో కళ్ళద్దాల దుకాణంలో నా ఉద్యోగం. బస్సు కిటికీ పక్కన కూర్చుని పనికి పోతూ ఒక్కోసారి నేనూ నవ్వుకుంటాను. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్నావేటే అని నన్ను నేనే తిట్టుకుంటాను. అసలు చెప్పలేదని కాదు. ఒక్కసారి చెప్పాను. అది ఎలా అయిందో కూడా చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

మాది బర్మాలో తాకేటా పేట. మా ముత్తాత సముద్రం దాటి ఇక్కడి రేవులో మూటలు మొయ్యడానికి వచ్చాడు. నాన్న కాలానికి మూటలు పోయి బస్సు వచ్చింది. నాన్న లైను బస్సు మీద కండక్టరు. స్టాపుల పేర్లు అరిచి అరిచి ఆ గొంతు ఎలా తయారయిందంటే, ఆయన వంతెన అవతల కేకేస్తే ఇవతల మా అమ్మ టీ పొయ్యి మీద పెట్టేదని వీధిలో అందరూ అనేవారు. ఆదివారం సెలవు. ఆ రోజు అన్ననీ నన్నూ బంతాటకి తీసుకెళ్ళేవాడు. ఫుట్‌బాల్ అనేవాడు కాదు, బంతాటే. అమ్మ రాదు. బంతి కోసం కొట్టుకునేవాళ్ళని చూడ్డానికి అంత దూరం పోవాలా, ఇంట్లో నా ఇద్దరు పిల్లలు చాలరా అనేది.

స్టేడియంలో సిమెంటు మెట్ల మీద మాకో చోటుండేది. నాన్న లుంగీ ఎగ్గట్టి, కాగితం పరిచి, మమ్మల్ని చెరో పక్కా కూర్చోబెట్టుకునేవాడు. ఆటగాళ్ళందరూ బర్మా కుర్రాళ్ళు. నాన్న మాత్రం తెలుగులోనే అరిచేవాడు. “ఒరే నాయనా, ఆ ఎడం పక్కోడికి ఇయ్యరా!” ఆయన్ని అప్పా అన్న అన్నట్టు కో అప్పా అని పిలిచే చుట్టుపక్కల బర్మా వాళ్ళకి ఆ మాట అర్థం తెలీదు, గాని నచ్చేసింది. మా వాళ్ళ దగ్గరికి బంతి వస్తే చాలు, ఆ వరసంతా ఒక్క గొంతుతో “ఇయ్యరా!” అని లేచేది. నా బతుకులో అంత సంతోషం మళ్ళీ ఎప్పుడు పడ్డాను? పెళ్ళినాడు కూడా పడలేదనుకుంటాను.

ఇప్పుడు మొక్కు సంగతి. నాకు ఏడేళ్ళప్పుడు పెద్ద జ్వరం వచ్చింది. బతకదు అన్నారట. పిల్ల లేచి కూర్చుంటే మూడేళ్ళు గుండం తొక్కుతానని నాన్న అమ్మవారికి మొక్కుకున్నాడు. చేతికి పసుపు కంకణం కట్టారంటే పది రోజులు నీసు ముట్టకూడదు, బయట తిండి తినకూడదు, చెప్పులు వెయ్యకూడదు, చాప మీదే పడుకోవాలి. ఇంట్లో మాకూ నీసు బందే. రెండేళ్ళు నాన్న నిప్పుల మీద నడిచి, అరికాలికి మచ్చ లేకుండా నవ్వుతూ వచ్చాడు. మూడో ఏడు, ఆఖరిది, నాకు పదేళ్ళు.

ఆ పది రోజుల్లోనే ఓ ఆదివారం పెద్ద ఆట పడింది. కంకణంతో వెళ్ళొద్దంది అమ్మ. బంతి నీసు కాదు కదే అన్నాడు నాన్న. అమ్మ గొణుక్కుంటూనే శనగలు ఉడకబెట్టి, పోపేసి, గుగ్గిళ్ళు స్టీలు డబ్బాలో పెట్టి నా చేతికిచ్చింది. నాన్నకి అవి తప్ప ఇంకేమీ పెట్టొద్దని నాకు రెండుసార్లు చెప్పింది.

రెండుసార్లు. నేను విన్నాను. వినలేదని ఇప్పుడు అబద్ధం ఆడను.

ఆట సగంలో మంచినీళ్ళకని గేటు దగ్గరికి పోయాను. అక్కడ తోఫు తౌ అమ్మే ఆవిడ ఉంది. శనగపిండి ముద్దని సన్నగా కోసి, చింతపండు రసం పోసి, వేయించిన వెల్లుల్లి వేసి, పైన గుప్పెడు ఎండు రొయ్యల పొట్టు చల్లి చేత్తో కలిపి ఇచ్చేది. ఆరు రోజులైంది నీసు వాసన చూసి. నోరూరిపోయింది. పొట్టు వెయ్యొద్దని ఒక్క మాట చెబితే సరిపోయేది. నేను ఇంకొంచెం వెయ్యమన్నాను.

అక్కడే నిలబడి తినేసి ఉంటే ఈ కథే లేదు. రెండో సగం మొదలైనట్టు విజిల్ వినబడింది. ఒక్క నిమిషం కూడా పోగొట్టుకోలేని పిచ్చి నాకు నాన్న నుంచే వచ్చింది. కవరు పట్టుకుని మెట్లెక్కి వచ్చి, గౌను చాటున సగం తిన్నాను. అంతలో నాన్న నా వైపు తిరిగాడు. ఒళ్ళో డబ్బా మూత తీసే ఉంది. కవరులోది అందులోకి దొర్లించేసి, పైన గుగ్గిళ్ళు కప్పేశాను. ఇంటికి పోయేటప్పుడు పారేద్దామనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను, నమ్మండి.

అప్పుడే మా వాళ్ళు గోలు కొట్టారు. నాన్న అన్నని ఎత్తి గిరగిరా తిప్పాడు. కూర్చుంటూనే, కళ్ళు బంతి మీదే ఉంచి, నా ఒళ్ళోని డబ్బాలో చెయ్యి పెట్టాడు.

“ఓలమ్మ, ఎంత రుచిగున్నాయే! మీ అమ్మ ఏటేసిందే ఇందులో?”

“ఇంగువ, నాన్నా.”

“ఇంగువేనా?”

“ఊఁ. కొంచెం ఎక్కువేసింది.”

డబ్బా అడుగు దాకా తిన్నాడు. వేళ్ళు కూడా నాక్కున్నాడు. నేను ఆపలేదు. కొడతాడని భయమా? మా నాన్న మమ్మల్ని ఒక్క దెబ్బ కొట్టి ఎరగడు. మరేటి? చెబితే మళ్ళీ బంతాటకి తీసుకురాడేమో అని. అంతే భయం.

నాలుగో రోజు గుండం. పది మందిలో నాన్న అయిదోవాడు. వేపమండలు పట్టుకుని నడిచాడు. గుండం ఇవతల పాలు పోసిన గుంటలో కాలు పెట్టాక నవ్వలేదు. రెండు అరికాళ్ళూ బొబ్బలెక్కిపోయాయి. కాళ్ళు కాలాయంటే నియమం ఎక్కడో తప్పిందని మా వాళ్ళ లెక్క. పెద్దలు చుట్టూ చేరి ఏటి తప్పు జరిగిందప్పా అని అడిగారు. నేను అమ్మ చీర వెనకాల ఉన్నాను. నాన్న ఎవరినీ చూడలేదు. కంకణం కట్టుకుని బంతాటకి పోయాను, తల్లికి కోపం వచ్చింది, తప్పు నాదే అన్నాడు. ఇక ఆ గేటు దాటనని అక్కడే దణ్ణం పెట్టి చెప్పేశాడు.

నోరు తెరవడానికి నాకు ఆ ఒక్క క్షణం చాలు. తెరవలేదు.

నిప్పు కాలుతుంది, అందులో తప్పేటి, ఒప్పేటి అంటాడు మా అన్న. వాడికీ ఈ సంగతి తెలీదు. వాడి మాటే నిజమేమో. అయినా నాన్న నమ్మాడు కదా! అమ్మవారు ఆయన మీద కోపగించిందని, అదీ కన్న కూతురి కోసం మొక్కిన మొక్కులోనని, చచ్చేదాకా నమ్మాడు.

మాకు మాత్రం ఆదివారాలు ఆగలేదు. మమ్మల్ని గేటు దాకా తెచ్చి, లోపలికి పంపి, ఎదురుగా టీ కొట్టులో చిన్న స్టూలు మీద కూర్చునేవాడు. లోపలి కేకలు విని ఎవరు కొట్టారో ఊహించుకునేవాడు. బయటికి రాగానే నన్ను పట్టుకునేవాడు. ఎవుడు కొట్టాడే, ఏ కాలితో, గోలు కాసే గోలీ ఎటు పడ్డాడు? ప్రతిదీ చెప్పేదాన్ని. టీ గ్లాసులూ కప్పులూ అటూ ఇటూ జరిపి చూపించేదాన్ని. ఆయన కోసం కళ్ళు పెట్టి చూడ్డం నేర్చుకున్నాను, తప్పు చేసిన పిల్ల కదా, కనురెప్ప వెయ్యడానికి కూడా మనసొప్పేది కాదు. మా వరసలో ఇయ్యరా అనే కేక మెల్లగా తగ్గిపోయింది.

ఇప్పుడు మా పాప స్కూలు జట్టులో ఆడుతుంది. కిందటేడు దాని మొదటి ఆటకి తాతని తీసుకెళ్ళాం. చిన్న మైదానం, అయినా గేటు గేటే అన్నాడు. బయట టీ కొట్టులో కూర్చున్నాడు. తెల్ల జుట్టు, అదే ఎగ్గట్టిన లుంగీ. నాకిక ఆగలేదు. పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. తోఫు తౌ, పొట్టు, డబ్బా, ఇంగువ. అమ్మవారికి నీ మీద ఏ కోపమూ లేదు నాన్నా, తప్పు నాది, లోపలికి రా అని ఏడ్చాను.

నాన్న నా మొహంలోకి చూశాడు. తర్వాత పగలబడి నవ్వాడు.

“పిచ్చి తల్లీ, నన్ను లోపలికి లాగడానికి ఇంత కత అల్లేవేటే! ఇన్నేళ్ళూ ఒక్క గోలు కూడా మార్చి చెప్పని పిల్లవి. నువ్వు అబద్దం ఆడతావంటే నాను నమ్ముతానా? ఎల్లు, ఎల్లు. పాప ఆట సూసొచ్చి నాకు సెప్పు.”

నా తల నిమిరాడు. కళ్ళు తుడిచాడు. తండ్రి బాధ చూడలేక తప్పు నెత్తిన వేసుకునే కూతురు ఎవరికుందని, టీ కొట్టాయనకి బర్మా భాషలో గొప్పగా చెప్పుకున్నాడు. నేను లోపలికి పోయాను. పాప గోలు కొట్టింది. కుడి కాలితో, గోలీ ఎడమకి పడింది. వచ్చి చెప్పాను.

ఈ వానల్లో నాన్న పోయాడు. కాళ్ళకి పసుపు రాసింది నేనే. ఆ అరికాళ్ళ మీద మచ్చలు అలాగే ఉన్నాయి.

నాన్న నమ్మలేదు. మీరైనా నమ్మండి. అది ఇంగువ కాదు.