పండుగకు ముందు తిన్న మామిడికాయ

పోయిన ఆదివారం కొంటాలో ప్రార్థన ముగించుకుని ఇంటికి వస్తుంటే, నా కూతురి కూతురు దారిలో చెప్పులు ఈడ్చుకుంటూ ఒక సందేహం బయటపెట్టింది. ఆ పొద్దున వచ్చిన బోధకుడు మైకు పగిలేలా శత్రువు మీద జయం, శత్రువు మీద జయం అన్నాడు కదా, ఆ శత్రువు ఓడిపోయినట్టు మనకెట్లా తెలుస్తుంది, నువ్వెప్పుడైనా చూశావా అని అడిగింది. నాకూ దాని ఈడులోనే ఆ సందేహం వచ్చింది. అయితే నేను ఎవరినీ అడగలేదు, కాపలా కాశాను.

మాది భద్రాచలం అవతలి అడవుల్లో, ఉసూరు బ్లాకులో, బాసగూడకు ఒక పూట నడకంత దూరంలో ఉన్న ఊరు. నా ఈడువాళ్లకు చెప్పనక్కరలేదు గాని, ఆ రోజుల్లో మా వైపు మామిడి పండుగ కాకుండా కొత్త కాయను ఎవరూ నోట పెట్టేవాళ్లు కారు. చెట్ల నిండా కాయలుండేవి, గాలికి రాలి మా కాళ్ల దగ్గరే పడేవి, ఇప్పపువ్వు ఏరడానికి వెళ్లిన పిల్లలం వాటిని వాసన చూసి, బుగ్గలకు రుద్దుకుని, మళ్లీ అక్కడే పెట్టి వచ్చేవాళ్లం. ఊరి పూజారి మొదటి కాయలు దేవతలకు పెట్టాలి, పెద్దలు తినాలి, ఆ తర్వాతే అందరూ. ఎవరైనా ముందుగా తింటే కీడు. ఆ కీడు ఎట్లా ఉంటుందో, ఏ దిక్కు నుంచి వస్తుందో ఎవరూ వివరంగా చెప్పేవాళ్లు కారు, అందుకే నాకు దాని మీద అంత ఆరాటం.

ఆ ఏడు మా నాయన భద్రాచలం వైపు మిరపకోతలకు పోయి, కూలితో పాటు యేసుప్రభువును కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు, మా నాయన కొత్త విశ్వాసి, ఆయనా అంతే, కోడి కూయకముందే పాట మొదలు. అమ్మ కూడా ఆయన పక్కన మోకరించేది గాని, ఒక చెవి అడవి వైపే ఉంచేది.

మా ఇంటికీ పెద్దనాయన ఇంటికీ నడుమ వెదురు దడి ఒక్కటే అడ్డం. తల్లి లేని నాయనను చంకనెత్తుకుని పెంచినవాడు ఆ పెద్దనాయనే. పండుగకు ఇంకా చాలా రోజులుండగా, ఒక పొద్దున నాయన దడి పక్కన నిలబడి, అందరూ చూస్తుండగా పచ్చి మామిడికాయ కోసి, ఉప్పయినా అద్దుకోకుండా కరకరా నమిలేశాడు. క్రీస్తును నమ్మినవాణ్ని ఏ దయ్యమూ ముట్టజాలదని ఊరికి చూపించాలని ఆయన తపన. అమ్మ నన్ను దడి దగ్గర నుంచి వెనక్కి లాగింది. పెద్దనాయన చేతిలోని బుట్ట కింద పెట్టి లోపలికి వెళ్లిపోయాడు.

ఇక నా కాపలా మొదలైంది. రోజూ లేవగానే నాయన ముక్కూ చెవులూ ఉన్నచోటే ఉన్నాయా అని చూసేదాన్ని, ఆయన తుమ్మితే పరుగెత్తేదాన్ని, చెట్టెక్కితే కింద నిలబడి కొమ్మ వంక కన్నార్పకుండా చూసేదాన్ని. నాయనకు ఏమైనా అవుతుందన్న భయం కంటే, అసలేమవుతుందో చూడాలన్న కుతూహలమే నాలో ఎక్కువ. ఏమీ కాలేదు సరికదా, ఇప్పపువ్వు రోజుల్లో ఆయన కాస్త ఒళ్లు కూడా చేశాడు. ఇంతేనా దయ్యం అని నిరాశపడ్డాను కూడా.

అప్పుడు పెద్దనాయన చిన్నకూతురికి జ్వరం వచ్చింది. ఒళ్లు కాలిపోతుంది, అంతలో వణుకు, పిల్ల కళ్లు తేలవేసింది. ఊరంతా ఒకటే మాట అనుకుంది. తిన్నవాణ్ని వాడి దేవుడు కాపాడుకుంటే వచ్చిన కీడు ఊరికే తిరిగిపోతుందా, పక్కింటి మీద పడింది అని. ఈ సంగతి నాకు తట్టనే లేదు. నేను నాయననే చూస్తూ కూర్చున్నాను, దడికి అవతలి వైపు ఎవరూ కాపలా లేరు. పెద్దమ్మ దడి దగ్గరికి వచ్చి, తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు, నాయనను ఒక్క మాట అడిగింది.

"నీ దేవుడు నిన్ను కాపాడిండు, మంచిదే. మా పిల్లనెవలు కాపాడాలె?"

నాయన లోపలికి వచ్చి బోర్లా పడ్డాడు. అప్పటిదాకా ఆయన ప్రార్థన చేలో పిట్టలను తోలే కేకలా ఉండేది. ఆ రోజు కేకలు లేవు. ఇది నా వల్ల కాదు ప్రభువా, ఈ యుద్ధం నీదే, పిల్లను బతికించు, అన్నావదినల కోపం నా మీదే ఉండనీ అని చాలాసేపు ఏడ్చాడు. అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఆమెకు భయం పోయిందా అంటే పోలేదు, ఆ వణికే చేతులనే జోడించింది. దేవుణ్ని నమ్మడానికి వణుకు తగ్గేదాకా ఆగనక్కరలేదని నాకు ఆ చేతులు చూశాకే తెలిసింది.

తర్వాత నాయన పోయి అన్న ముందు నిలబడి, పిల్లను బాసగూడలో మందులిచ్చే ఆయన దగ్గరికి మోసుకుపోతానన్నాడు. పెద్దనాయన అప్పటికే పూజారి చేతికి కోడినిచ్చి ఉన్నాడు. తమ్ముణ్ని కిందికీ మీదికీ చూసి, "ఎత్తుకపో. గని దాని కాడ నీ పాటలు పాడకు," అన్నాడు. నాయన పాడలేదు. పిల్లను భుజాన వేసుకుని ఆ ఎండలో నడిచాడు, వెనకాల పెద్దమ్మ సొరకాయ బుర్రలో నీళ్లు పట్టుకుని నడిచింది. అక్కడ సూదిమందు వేసి, చేదు మాత్రలిచ్చారట, మలేరియా అన్నారట. పిల్ల బతికింది.

ఇక నా అసలు చిక్కు, గెలిచిందెవరు? పెద్దనాయన కోడి వల్లే అన్నాడు, పెద్దమ్మ మాత్రల వల్లే అంది. నాయన దేవుడి పేరెత్తి ఊరందరి ముందూ సాక్ష్యం చెబుతాడని నేను ఎదురుచూస్తే, ఆయన ఆ పని చేయలేదు. నేను ఊరుకోకుండా అడిగితే నన్ను దగ్గరికి లాక్కున్నాడు.

"దేవుడే గెలిచిండు బిడ్డా. గని నేనే గెలిచిన్నని చెప్పబోయిన సూడు, ఆడనే కూసున్నడు సాతాను."

ఆ తర్వాత పండుగ దాకా నాయన మామిడి ముట్టలేదు. పూజకూ పోలేదు. ఆ కాయ తినడానికి కూడా చేయనంత ప్రార్థన, తినకుండా ఆగడానికి చేయాల్సి వచ్చిందని అమ్మతో అంటుంటే విన్నాను. పండుగ మర్నాడు పెద్దనాయన దడి మీదుగా చేయి చాచి ఒక కాయ ఇచ్చాడు. "ఇది పూజది కాదు, ఇప్పుడే తెంపిన, తిను," అని తనే చెప్పాడు. అన్నదమ్ములిద్దరూ దడికి అటొకరు ఇటొకరు నిలబడి తింటుంటే, అమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. వాళ్లు బతికున్నన్నాళ్లూ ఏటా అట్లాగే జరిగింది.

ఇప్పుడు మా ప్రార్థనలు పెద్దవయ్యాయి, గొంతులూ పెరిగాయి, దేవుడు గెలుస్తాడన్న నమ్మకం మాకు నాయన కంటే తక్కువేమీ కాదు. కాని ఆ బోధకుడు శత్రువు అన్నప్పుడల్లా మా వాళ్ల కళ్లు ఏ ఇంటి వైపు తిరుగుతాయో నాకు తెలుసు, అటువైపు వాళ్ల కళ్లు మా ఇంటి వైపే తిరుగుతాయనీ తెలుసు. పెద్దనాయన మనవడూ మా తమ్ముడి కొడుకూ ఒకే ఊళ్లో ఉండి మాట్లాడుకోరు. నాకు బాధ, మా నాయన లేడే అని. ఇద్దరూ తమ దేవుళ్ల కోసం కొట్లాడుకునేంత భక్తులే, ఇద్దరి ఇళ్లలోనూ మామిడికాయ మాత్రం పండుగ దాకా ఆగకుండా పిందె పడగానే తినేస్తున్నారు.