డాక్టరమ్మ కుర్చీకి చెప్పుకున్న నిజం

నిజం నిప్పులాంటిదంటారు. నేను ఆ నిప్పును ఏకంగా చిత్తూరు ఊరంతటికీ అంటించాను. ఎలాగో చెబుతాను. నవ్వండి, ఫరవాలేదు, ఇప్పుడు నేనూ నవ్వుతున్నాను.

యుద్ధం రోజులు. పెట్రోలు లేక బస్సులు బొగ్గుతో నడిచేవి. తిరుపతిలో నర్సుగా ఉంటూ నేను నల్లమందు కలిసిన దగ్గుమందుకు అలవాటుపడ్డాను. దగ్గు వారంలో పోయింది, మందు మాత్రం పోలేదు. చివరికి ఉద్యోగమే పోయింది. ఆ తర్వాత మా చర్చి వెనక శనివారం సాయంత్రాలు జరిగే, మత్తు మానుకున్నవాళ్ళ కూటంలో చేరాను. సారా మానిన బండివాళ్ళ మధ్య నేనొక్కదాన్నే ఆడమనిషిని. కూటం పెద్ద, పాత బడిపంతులు జ్ఞానయ్యగారు, ఒకటే పాఠం నూరిపోసేవారు: "దాచుకుంటే పుండు, చెప్పుకుంటే మచ్చ." ఏడాది తిరిగేసరికి నాకు మందు యావ పోయి, చెప్పుకునే యావ పట్టుకుంది.

అప్పుడే చిత్తూరులో ఒక ఆడవాళ్ళ ఆస్పత్రికి నర్సు కావాలని తెలిసింది. నాయన మంచాన పడి ఉన్నాడు, నా జీతం లేనిదే పొయ్యి వెలగదు. మందు సంగతి ఎత్తితే ఉద్యోగం రాదని అమ్మ మొత్తుకుంది. నేను పంతులుగారి పక్షం. దారి పొడుగునా నా కథ వల్లె వేసుకుంటూ, మొహం నిండా బొగ్గు మసితో ఆస్పత్రి ముందు దిగాను.

డాక్టరమ్మ గదిలో, కళ్ళజోడు పెట్టుకుని, పట్టుచీరలో కుర్చీ నిండా కూర్చున్న ఒకావిడ విసనకర్రతో విసురుకుంటోంది. ఆ ఠీవి చూసి డాక్టరే అనుకున్నాను. పట్టుచీర కట్టుకుని పురుళ్ళు పోసే డాక్టరు ఎక్కడైనా ఉంటుందా అని మీరడగొచ్చు. ఆ బుద్ధి నాకప్పుడు పుట్టలేదు. నిలబడే మొదలుపెట్టాను. గుక్క నుంచి సీసా దాకా, సీసా నుంచి కూటం దాకా ఒక్క ముక్క వదల్లేదు. ఆవిడ విసనకర్ర ఆపి కళ్ళు తుడుచుకుంది.

"మొగోళ్ళు గూడా మానినారా పాపా ఆడ?"

"శానామంది మానినారమ్మా."

ఉద్యోగం వచ్చేసినట్టేనని నేను పొంగిపోతుండగా, తెల్లకోటు వేసుకున్న ఒక సన్నటామె లోపలికొచ్చి, మీ కూతురికి సుఖంగా పురుడైంది, మగపిల్లాడు అని పట్టుచీరావిడతో చెప్పింది. కుర్చీలో ఉన్నది మామిడికాయల మండీ వ్యాపారి భార్య మంగమ్మగారట! లోపల చల్లగా ఉంటుందని వచ్చి కూర్చుందట. మనవడు పుట్టిన సంతోషంలో ఆవిడ వరండా అంతా వినబడేలా నా చరిత్ర అప్పజెప్పింది. "నల్లమందు తాగి మానేసినాదంట డాక్టరమ్మా, సూడు ఎంత బాగుండాదో."

డాక్టరమ్మ నన్ను తేరిపార చూసింది. "ఆమెకు చెప్పినావు. నాకు చెప్పేదానివేనా?"

"మీకు చెప్పాలనే వచ్చినానమ్మా. ఆమెనే మీరనుకొన్నాను."

ఆమె గోడకు ఆనుకుని చాలాసేపు నవ్వింది. ఆ తర్వాత నవ్వు ఆపి, ఉద్యోగం ఇస్తానంది. తను చెప్పేదాకా మందుల బీరువా తాళంచెవి ముట్టకూడదు, వీలైన శనివారమల్లా కూటానికి పోవాలి. నేను ఏడుస్తూ ఒప్పుకున్నాను. మసి మొహం మీద కన్నీళ్ళు కారితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

కథ అక్కడ ఆగితే బాగుండేది. మంగమ్మగారి నోటి ముందు దండోరా ఏపాటిది? వారం తిరక్కముందే ఊళ్ళో ఆడవాళ్ళు తాగుబోతు మొగుళ్ళను రెక్కలు పట్టుకుని నా దగ్గరికి లాక్కొచ్చారు. నిండు చూలాళ్ళ పక్కనే బెంచీల మీద మీసాలవాళ్ళు తలలు వంచుకుని కూర్చున్నారు. అందరికంటే ముందున్నది మండీ వ్యాపారే.

డాక్టరమ్మ ఆ వరస చివరిదాకా చూసి, నన్ను పిలిచి నింపాదిగా అడిగింది. "ఇది ఆడోళ్ళ ఆస్పత్రి. వీళ్ళకు గూడా నేనే పురుడు పోయాల్నా?"

ఆ పూటే బైబిలు మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసుకున్నాను. నిజమే చెబుతాను, అంతా చెబుతాను, కాకపోతే ముందు ఎదుటి మనిషి పేరడుగుతాను.