మిలిట్రీ గుండు

మొన్న సాయంత్రం తిరుపతిలో మా వీధి కుర్రాళ్లు యుద్ధవార్త విని టపాకాయలు పేల్చారు. ఆ మందు వాసన వంటింట్లోకి దూరి మిరియాల చారును కూడా పాడు చేసింది. ఎదురింటి టీవీలో కోటు తొడుక్కున్న ఒకాయన పక్కదేశాన్ని బూడిద చేసెయ్యమని గొంతు చించుకుంటున్నాడు. తన కొడుకును మాత్రం యుద్ధానికి పంపడు. ఈ రకం మనుషులు నాకు చిన్నప్పటి నుంచే తెలుసు.

నా చిన్నప్పుడు యుద్ధం నడుస్తున్న ఒక చలికాలం, అప్పట్లో మేముండే ఊరి నుంచి అవ్వతో చిత్తూరులోని అత్త ఇంటికి పోతూ రైలు మారడానికి రేణిగుంటలో దిగాం. బొగ్గుపొగ, ఇడ్లీల ఆవిరి, మంచుకు తడిసిన గోనెసంచుల వాసన, అవ్వ ఒళ్లో అరిటాకులో కట్టిన పులుసన్నం, నా చేతిలో కొబ్బరిమట్ట తుపాకి. అంతలో మిలిటరీ రైలొకటి వచ్చింది. తుపాకి ఎత్తి దాన్ని ఆపింది నేనే. సరే, ఆపింది సిగ్నలు. నేను అవ్వ కొంగు వెనకాల ఉన్నాను.

కిటికీల నిండా మీసాలు సరిగా రాని కుర్రాళ్లు, అందరివీ నున్నటి గుండ్లు. మా వైపు గుండు కనిపిస్తే తిరుమల దిగి వస్తున్నట్టే లెక్క. అవ్వ ఒక కిటికీ దగ్గరికి పోయింది.

"సామి దర్శనం బాగా అయిందా నాయనా?"

వాడు మా సీమవాడే. పకపకా నవ్వాడు. "ఇది సామికిచ్చింది కాదవ్వా, మిలిట్రీవాళ్లు గీకేసింది. యుద్దానికి పోతా ఉండాము. తిరిగొస్తే సామికిస్తా."

అవ్వ నవ్వలేదు. పులుసన్నం పొట్లం కిటికీలోంచి వాడి చేతిలో పెట్టింది. "రాకపోతే సూడు, సెవులు మెలేస్తా!"

నాకు ఆ పూట ఆకలి. దేశం కోసం పస్తున్నానని బడిలో గొప్పలు చెప్పాను గానీ, నిజానికి పులుసన్నం పోయిందని చిత్తూరు దాకా ఏడ్చాను.

అప్పటి నుంచి రేణిగుంటలో దిగినప్పుడల్లా అవ్వ గుండున్న ప్రతి కుర్రవాడి ముఖంలోకీ తొంగిచూసేది. కొన్నాళ్లకు మనం గెలిచామని రేడియో చెప్పింది. వీధిలో పెద్దమనిషి ఒకాయన ఇంటింటికీ మిఠాయి పంచుతూ మా గడపకూ వచ్చాడు. అవ్వ చెయ్యి చాచలేదు.

"గెలిస్తిరి, సరే అప్పా. గుండిస్తానని పోయినోడు యాడ?"

"ముసల్దానికి దేశమంటే లెక్కలేదు" అని ఆయన పక్కింటికి నడిచాడు. అవ్వ పోయేదాకా ఆ కుర్రవాడు కనిపించలేదు. వచ్చాడో లేదో, వాడి పేరైనా మాకు తెలియదు.

ఆ బొగ్గు రైళ్లు పోయాయి, కిటికీలోంచి అన్నం అందించే చేతులు పోయాయి, గెలిచినవాణ్ణి నిలబెట్టి అలా అడిగే నోరూ పోయింది. నిన్న ఎదురింటాయన ఈ యుద్ధవార్తకే సంబరంగా మిఠాయి డబ్బా పట్టుకొచ్చాడు. అవ్వలాగే నిలదీసి ఆయన్ను వెనక్కి పంపించానని రాసి, ఇప్పుడే ఆ వాక్యం కొట్టేశాను. ఒకటి తీసుకుని నోట్లో వేసుకున్నాను. తియ్యగానే ఉంది.