పాప రక్తం కలిపిన సీసా

థామస్‌ది వత్సవాయి. తల్లి పత్తి చేలల్లో కూలికెళ్ళి చదివిస్తే ల్యాబ్ టెక్నీషియనై, నందిగామలో ఒక పిల్లల ఆసుపత్రిలో చేరాడు. రోగుల రక్తంలో ఉన్న క్రిములను పెంచి, ఎంత పెరిగాయో చూసి, ఏ మందుకు చస్తాయో చెప్పడం అతని పని. భార్య రూబీ జగ్గయ్యపేటలో టీచరు. పెళ్ళయిన చాలా ఏళ్ళకు వాళ్ళకు పాప పుట్టింది.

రెండో వారంలో పాప పాలు తాగడం మానేసింది. ఒళ్ళు కాలిపోతోంది. ఆసుపత్రిలో డాక్టర్ రాజ్యశ్రీ తన అనుభవాన్ని బట్టి రెండు మందులు మొదలుపెట్టి, రక్తం తీయించింది.

"ఏ మందు పనిచేస్తుందో త్వరగా చెప్పు థామస్."

"ముందు క్రిమి పెరగాలి కదా మేడమ్."

పాప రక్తం కలిపిన పోషక ద్రవం సీసాను తనే ల్యాబ్‌లో క్రిములను వెచ్చగా ఉంచి పెంచే ఇంక్యుబేటర్‌లో పెట్టాడు. బిడ్డను తినేస్తున్న ఆ క్రిమే త్వరగా పెరగాలని ప్రార్థించాడు. మర్నాటికి ద్రవం మసకబారింది. అందులోంచి చుక్క తీసి, క్రిములకు మేతగా జెల్లీ పోసిన ప్లేటు మీద పూస్తే, ఆ మరుసటి రోజుకు తెల్లటి చుక్కలు మొలిచాయి. ఒక్కో చుక్కా లక్షల క్రిముల గుంపు. వాటిని ఉప్పునీటిలో కలిపి, కొలతకు వాడే గొట్టం పక్కన పెట్టి చూశాడు. రెండింటి మసకా ఒకేలా ఉండాలి. క్రిములు ఎక్కువైనా, తక్కువైనా ఫలితం తప్పుతుంది. మొదటిసారి ఎక్కువ పడింది. పారబోసి మళ్ళీ కలిపాడు. దాన్ని కొత్త ప్లేటంతా పూసి, మందులు అద్దిన కాగితపు బిళ్ళలు పేర్చాడు.

ఆ సాయంత్రమే పాప చనిపోయింది.

ఉదయం వత్సవాయిలో సమాధి చేసి, మధ్యాహ్నానికి ల్యాబ్‌కు వచ్చాడు. తోటి టెక్నీషియన్ ఏలీయా ఎదురొచ్చాడు.

"నే చూస్తాలే అన్నా. ఇంటికెళ్ళు."

"నేనే చూస్తా."

పాపకు ఎక్కించిన రెండు మందుల బిళ్ళల దాకా క్రిములు దట్టంగా పెరిగాయి. మూడో మందు బిళ్ళ చుట్టూ మాత్రం ఒక్కటీ మొలవలేదు. ఆ ఖాళీని స్కేలుతో కొలిచి, ఫలితం డాక్టరుకు పంపాడు.

ఇంటికి రాగానే రూబీ అడిగింది.

"ఏ మందుకన్నా చచ్చిందా అది?"

"చచ్చింది. మనం వాడనిదానికి."

"ముందే అదిచ్చుంటే బతికేదాండీ?"

"ఏమో. బతికేదేమో."

రూబీ ఏడవలేదు. పాలు గడ్డకట్టి సలుపుతున్న రొమ్ములను గుడ్డతో బిగించుకుని, గోడవైపు తిరిగి పడుకుంది.

కొన్నాళ్ళకు అదే వార్డులో మరో పసిబిడ్డకు అలాంటి జ్వరమే వచ్చింది. ఈసారి డాక్టరు మొదటే ఆ మూడో మందు ఎక్కించింది. బిడ్డ కోలుకుంది. థామస్ ఆ మాట వంట చేస్తున్న రూబీకి చెప్పాడు.

"ఆడపిల్లా?"

"ఆఁ."

"పేరు పెట్టారంటా?"

"ఇంకా లేదంట."

"మనమూ పెట్టలేదు కదండీ," అంటూ రూబీ వంటింట్లోనే కూలబడి భోరుమంది. థామస్ స్టవ్ ఆపి, ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాడు.