పాడె మీద కూర్చున్నవాడు

మదనపల్లెలో గది తీసుకుని ఒక టీవీ సీరియల్ రాస్తుండేవాణ్ణి. హత్య ఎవరు చేశారో తేలని కథ. చానల్ వాళ్లకు నా మీద ఒకటే కోపం, భయపెట్టాల్సిన చోట నవ్విస్తానని. చావింట్లో కాఫీలో చక్కెర తక్కువైందని అలిగే బంధువులను చూస్తూ పెరిగినవాణ్ణి, ఇంకెలా రాస్తాను?

ఆ వారం కుప్పం దగ్గర శవయాత్ర తీస్తున్నాం. అక్కడ కొందరు శవాన్ని పాడె మీద కూర్చోబెట్టి, పూలు కట్టి, పలకలనే డప్పులు కొడుతూ చిందులేస్తూ సాగనంపుతారు. మా శవం పుంగనూరు నుంచి వచ్చిన నాటకాల మనిషి. పొద్దుటి నుంచి ఈగలను తిట్టుకుంటూ కూర్చున్నాడు. దారి మధ్యలో ఆ శవం కళ్లు తెరిచి "సంగటి అయిందా?" అని అడగాలి, పాడె దిగి ఇంటిదారి పట్టాలి. చూసేవాళ్లకు నవ్వాలో పరుగెత్తాలో తెలియకూడదు.

జనం కోసం ఊళ్లోవాళ్లనే పిలిచాం. ఒక ముసలమ్మ నేరుగా నా దగ్గరికొచ్చింది.

"నేను పాడె ముందర నడస్తానప్పా. కూలి వద్దు."

"యాలమ్మా?" అన్నాను.

"కరోనాలో మా ఇంటాయప్ప ఆస్పత్రిలోనే పోయినాడు. మొగం గూడా సూపించలేదు. పలకా లేదు, పువ్వూ లేదు. ఆయప్పను నేను సాగనంపనే లేదు."

ఇది ఉత్త నాటకమని చెప్పాను.

"నాకు తెలీకుండా ఉండాదా అప్పా?" అంది.

కెమెరా తిరిగింది. పలకలు మోగాయి, కుర్రాళ్లు ఈలలేస్తూ ఎగిరారు. ఆమె శవానికి ఎదురుగా వెనక్కి నడుస్తూ తిట్లు లంకించుకుంది. ఎనుమును అమ్మొద్దంటే అమ్మినావే అని, బీడీలు మానమంటే మానకపోతివే అని. జనం పగలబడి నవ్వారు. నవ్వుతూనే కొందరు ఆడవాళ్లు కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. ఆ మాటలు నేను రాసినవి కావు, రాయగలిగినవీ కావు.

నాటకాల మనిషికి ఆమె సంగతి ఎవరూ చెప్పలేదు. తన వంతు రాగానే కళ్లు తెరిచాడు.

"సంగటి అయిందా?"

పలకలు ఆగాయి. ఎగురుతున్న కుర్రాళ్లు నిజంగానే వెనక్కి జరిగారు. ఆమె మాత్రం బెదరలేదు. దగ్గరికెళ్లి అతని మొహాన్ని కళ్లనిండా చూసుకుంది.

"అయింది. పిల్లోళ్లంతా తిన్నారు. నా గురించి యోచన పెట్టుకోవద్దు. ఇంగ నువ్వు నిమ్మళంగా పో."

అతను పాడె దిగాలి. దిగలేదు. మెల్లగా కళ్లు మూసుకున్నాడు. కెమెరా తిరుగుతూనే ఉంది. పలకలవాళ్లు వాళ్లంతట వాళ్లే మళ్లీ కొట్టడం మొదలుపెట్టారు. మేమందరం ఆమె వెంట శ్మశానం దాకా నడిచాం.