జయరాజు వంటలో లోటు

జయరాజు పన్నెండేళ్ళు బందరులో ఒక దొర బంగళాలో వంట చేశాడు. చెయ్యి తిరిగిన మనిషి. అతిథులందరూ లొట్టలు వేసినా దొరసాని చేత మాత్రం ఒక్కసారి కూడా బాగుందనిపించుకోలేకపోయాడు. షెపర్డ్స్ పై అని వాళ్ళ వంటకం ఒకటుంది. అడుగున ఖీమా, దానిమీద వెన్నవేసి మెదిపిన బంగాళాదుంప. ఆవిడ రెండు చెంచాలు తిని, "మా ఊరి రుచి రాలేదు, రాజూ" అని పళ్ళెం పక్కకి జరిపేది. మిరియాలు తగ్గించాడు, వెన్న పెంచాడు, మద్రాసు నుంచి చీజ్ తెప్పించాడు. ఊహూఁ. దొరలు ఓడెక్కి వెళ్ళిపోయారు గాని, ఆ లోటేమిటో తెలియని బాధ మాత్రం ఆయన గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

1983లో ఆయన బోస్టన్ దగ్గర కొడుకు దేవకుమార్ ఇంటికొచ్చాడు. కోడలు నవోమి చేపలపులుసు పెట్టినప్పుడల్లా మొదటి ముద్దకే ఆగి, "బానే ఉందమ్మా, ఏదో తగ్గింది" అనేవాడు. హాస్పిటల్‌లో డ్యూటీ చేసొచ్చి చింతపండు పిసికే ఆ పిల్ల మరుసటి వారం ఇంకో రకం చేప తెచ్చేది.

ఆ చుట్టుపక్కల రెండొందల ఏళ్ళనాటి ఇంగ్లీషు పబ్బొకటుందనీ, ఇప్పటికీ అక్కడ ఇంగ్లండు ఆవిడే వండుతుందనీ ఎవరో చెప్పారు. ఇక ముసలాయన కాలు నిలవలేదు.

"అది బీర్ తాగే చోటు నాన్నా. చర్చ్‌వాళ్ళు ఎవరైనా చూస్తే బాగుండదు," అన్నాడు దేవకుమార్.

"తాగేవాళ్ళు తాగుతారు. నేను తింటానికొస్తన్నా. డ్రైవ్ చెయ్యి."

లోపల తలకి తగిలేంత కిందికి దూలాలు, పొగకి నల్లబడ్డ గోడలు, మనిషి పట్టేంత పొయ్యి. జయరాజు ఆ పొయ్యిలోకి తొంగి చూశాడు, బల్ల చెక్కని గోటితో గీకి చూశాడు. షెపర్డ్స్ పై వచ్చింది. ప్రార్థన చేసుకుని, వంటవాడి అలవాటు కొద్దీ చెంచాడు ఎడమ అరచేతిలో వేసుకుని నాకాడు. దేవకుమార్ చుట్టూ చూశాడు. ఆయన ఇంకో చెంచా వేసుకున్నాడు.

"బాలేదా నాన్నా?"

"ఇది నాదేరా. ఉప్పు, మిరియం, వెన్న, రవ్వంత తేడా లేదు. మరి ఆ దొరసానమ్మకేం తక్కువైంది?"

వంటావిడ బల్ల దగ్గరికొస్తే, మీ ఊళ్ళోనూ ఇదే రుచా అని కొడుకు చేత అడిగించాడు. ఆవిడ నవ్వింది. "ముప్పై ఏళ్ళుగా చేస్తున్నాను. మా ఊళ్ళో తిన్నట్టు నాకే ఒక్కసారీ అనిపించలేదు."

కారులో ఆయనకి ఇన్నేళ్ళు తిట్టుకున్న దొరసాని మీద మొదటిసారి జాలేసింది. ఆ వెనకే సిగ్గేసింది.

ఇంటికొచ్చేసరికి నవోమి పులుసు దించుతోంది. జయరాజు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఈసారి ఏం తగ్గిందంటాడోనని ఆమె గరిటె పట్టుకుని నిలబడింది.

"ఏం తగ్గలేదమ్మా," అన్నాడాయన. "ఏనాడూ తగ్గలేదు. ఇంకో గరిటె వెయ్యి."