ఉతకని చీర

మా పాప పాలసీసా నోట్లో పెడితే ఉమ్మేసేది. అంటే, నేను పెడితే. వీధంతా వినబడేలా ఏడ్చే పిల్ల, వాళ్ళమ్మ ఎత్తుకుంటే చాలు, కిక్కురుమనకుండా ఒదిగిపోయేది. పోర్టులో క్రేనుతో టన్నుల బరువులెత్తేవాణ్ణి, ఇంత పిల్ల దగ్గర ఓడిపోతున్నానని ఒళ్ళు మండేది.

ఎనభైల మొదట్లో గోపాలపట్నంలో మా ఆవిడకు టీచరు ఉద్యోగం వచ్చింది. ఆమెకు పొద్దుటిపూట బడి, నాకు మధ్యాహ్నం షిఫ్టు. ఆమె తిరిగొచ్చేదాకా పిల్ల నా పూచీ. వారం తిరక్కుండానే ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "పిల్ల ఆకలితో ఉంటే నాను పాఠాలేటి సెప్తాను? మానేత్తాను." ఆ ఉద్యోగం కోసం ఎంత చదివిందో నాకు తెలుసు. నా చేతకానితనం వల్ల అది పోతుందంటే మనసొప్పలేదు.

అయిదుగురిని పెంచిన పక్కింటి మామ్మ ఉపాయం చెప్పింది. "ఆళ్ళమ్మ కోక బుజానేసుకుని పట్టు బాబూ." బీరువాలోంచి గంజిపెట్టి ఇస్త్రీ చేసిన చీర తీసి వేసుకున్నాను. పాప ఇంకా గట్టిగా ఏడ్చింది. మామ్మ గోడవతలే పడీ పడీ నవ్వింది. "ఉతికిందేటికి బాబూ? కట్టి ఇప్పింది ఏసుకో!"

దండెం మీద ముందురోజు విప్పిన వాయిల్ చీర ఉంది. పౌడరు, కొబ్బరినూనె, పోపు, అన్నీ కలిసిన వాసన. కప్పుకుని కూర్చున్నాను. పాప కొంగును మూతికి రాసుకుంది, వెక్కింది, సీసా అందుకుంది. లాటరీ తగిలినంత సంబరం నాకు.

ఆ సంబరంలో చీర సంగతి మరిచిపోయి, కిరసనాయిలు బండి వచ్చిందని పిల్లతో సహా వీధిలోకి వెళ్ళిపోయాను. మా షిఫ్టువాడొకడు సైకిలాపి, "ఏటి బావా, కోక కట్టీసినావ్?" అన్నాడు. ఆ రోజు నుంచీ పోర్టులో అందరికీ నేను వదిననే. అంటే అననీ, పిల్ల పాలు తాగుతోంది.

కొన్నాళ్ళకు ఒక పొద్దున మా ఆవిడ హడావిడిలో, పాప కోసం ఉతక్కుండా ఉంచిన ఆ చీర కూడా నానబెట్టేసి బడికెళ్ళిపోయింది. పాప ఏడుపందుకునే వేళకి చీర బకెట్లో నానుతోంది. ఏంచేస్తాను, బనీనుతోనే పాపను ఎత్తుకున్నాను. ఎంత తోమినా వదలని గ్రీజు వాసన నాది. నా మెడ దగ్గర ముక్కు రాసి, కాసేపు ఆగి, సీసా అందుకుంది.

మా ఆవిడ రాగానే గుమ్మంలోనే గొప్పగా చెప్పాను. నవ్వింది. చెప్పులు విప్పుతూ, "అయితే ఇంక నాకోసం ఏడవదేటి?" అంది. నవ్వుతూనే అంది కానీ రెండో చెప్పు విప్పడం మరిచిపోయింది.

లోపల పడుకున్న పాప వాళ్ళమ్మ గొంతు విని ఏడుపు లంకించుకుంది. ఆ ఏడుపు విని నేను సంతోషించడం అదే మొదటిసారి. మా ఆవిడ ఒక కాలి చెప్పుతోనే లోపలికి పరిగెత్తింది.